కరెంటు పడని ఒళ్ళు

పంజగుట్ట కూడలి నుండి ఖైరతాబాదు వైపు పోవు మార్గమున, ప్రజలు నిమ్స్ అని పిలుచు నిజాము వైద్య విజ్ఞాన సంస్థ ప్రక్కన, ఉదయము పది గంటల వేళ కొంతసేపు నిలిచి చూచినచో, మెడకు మెత్తని నూలు తువ్వాలు వదులుగా చుట్టుకొని, చంకలో ఆసుపత్రి ఫైలును, చేతిసంచిలో మజ్జిగ సీసాను పెట్టుకొని, పరుగులిడు జనము నడుమ మెల్లగా నడచిపోవు మనుషులు కొందరు కనబడుదురు. తువ్వాలు రవంత తొలగినప్పుడు కంఠముపై సిరాగీతలు కానవచ్చును. అవి చెరిగిపోరాదని చెప్పియున్నారు గనుక ఆ చోట వారు సబ్బు రాయరు, గట్టిగా తుడువరు. ఎక్కడికని అడిగినచో, కరెంటు పెట్టించుకొనుటకని చెప్పుదురు. రేడియేషను చికిత్సకు మన ప్రజలు పెట్టుకొన్న పేరు అది.

ఆ పేరుతోపాటు వారు వాడు క్రియ ఒకటి కలదు. ఒకరికి వంకాయ పడదు, ఒకరికి పెన్సిలిన్ పడదు, ఒకరికి క్రొత్త ఊరి నీళ్ళు పడవు. వస్తువునందు దోషము లేదు, మనిషియందును దోషము లేదు. రెంటికిని పొత్తు కుదరలేదని మాత్రమే ఆ మాట చెప్పును. గొంతు క్యాన్సరు వచ్చిన ఇద్దరిని, ఒకే వయస్సువారిని, ఒకే యంత్రము క్రింద, ఒకే మోతాదున ఏడు వారములు పరుండబెట్టినచో, ఒకరు చివరి దినమునందును పెరుగన్నము మ్రింగి ఇంటికి పోవుదురు. రెండవవారికి మూడవ వారముననే నోరంతయు పూసి, మంచినీళ్ళు దిగుటయే దుర్లభమై, ముక్కు గుండా గొట్టము వేయవలసి వచ్చును. అప్పుడు ఆ ఇల్లాలు వైద్యునితో, "సార్, మా ఆయనకు కరెంటు పడలేదు" అనును. హస్తవాసి వంటి నమ్మకములలో ఇదియు ఒకటియని ఆ మాటను త్రోసిపుచ్చినవారు కలరు. కాని గడచిన ముప్పది యేండ్లుగా శాస్త్రము ఆ ఇల్లాలి వాక్యమునే తన ప్రశ్నగా స్వీకరించినది. కరెంటు ఎవరి ఒంటికి పడునో, ఎవరి ఒంటికి పడదో, చికిత్స మొదలుపెట్టక ముందే నాలుగు చుక్కల నెత్తురులో చదువగలమా?

నిజమునకు ఆ గదిలో రోగి శరీరములోనికి కరెంటు ప్రవేశింపదు. లీనియర్ యాక్సిలరేటరు అను యంత్రము ఎలక్ట్రానులను మహావేగమున తరిమి, ఒక లోహపు బిళ్ళకు తాకించి, ఎక్స్ కిరణములను పుట్టించును; ఆ కిరణములు జీవకణములోని డి.ఎన్.ఏ. జంటపోగులను తెంపును. క్యాన్సరు కణము ఆ తెగుదలను సరిగా ముడివేసికొనలేక నశించును. ఆరోగ్యముగా ఉన్న కణము చాలవరకు ముడివేసికొని బ్రదుకును. ముడివేసికొనుటకు దానికి వ్యవధి కావలెను గనుకనే, పారిస్ నగరపు రేడియం సంస్థలో క్లాడియస్ రెగో, హెన్రీ కూటార్ అను వైద్యులు 1920ల నాటికే మొత్తము మోతాదును దినములకు పంచి ఇచ్చు పద్ధతిని నెలకొల్పిరి. నేటికిని గొంతు క్యాన్సరునకు, గ్రే అను కొలమానమున 70 గ్రేల మోతాదును దినమునకు 2 గ్రేల చొప్పున, ఏడు వారములలో 35 చికిత్సాదినములకు పంచుట సాధారణము. దుష్ఫలము లన్నియు ఆ ముడి సరిగా పడని చోట పుట్టునవే. నోరు పూయుట, చర్మము కమలుట మొదలైనవి చికిత్స జరుగుచుండగానే వచ్చి, చాలవరకు మానిపోవును. ఉమ్మి ఊరక నోరు ఎండిపోవుట, దవడ యెముక చివుకుట, రొమ్ము గట్టిపడుట, గర్భాశయ ముఖద్వారమునకు చికిత్స పొందిన స్త్రీకి ఏడాదికో రెండేండ్లకో మలద్వారము నుండి రక్తము పడుట మొదలైనవి నెలలు, సంవత్సరములు గడచిన పిదప తలయెత్తును. వీనిలో కొన్ని చాలకాలము వెన్నంటి యుండును.

రాంట్‌జెన్ ఎక్స్ కిరణములను కనుగొన్నది 1895లో. ఆ తరువాత ముప్పది యేండ్లకు పైగా వైద్యులకు మోతాదును కొలుచుటకు అందరును అంగీకరించిన కొలమానము లేదు. రోగి చర్మము ఎఱ్ఱబారువరకు కిరణములు ప్రసరింపజేసి, ఆ ఎఱుపునే కొలతగా గ్రహించెడివారు. అనగా రోగి చర్మమే ఆనాటి తక్కెడ. 1928లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ సభలో రాంట్‌జెన్ అను ప్రమాణము ఆమోదింపబడిన పిదప, కొలత యంత్రము చేతికి వచ్చినది, వైద్యము ధన్యమైనది. కాని ఒక్కొక్క చర్మము ఒక్కొక్క విధముగా ఎఱ్ఱబారునని ఆ పాత వైద్యులు ప్రతిదినము కన్నులార చూచుచుండిన సంగతి మాత్రము క్రమముగా మరుగున పడినదని నాకు తోచుచున్నది.

నేడు మోతాదులకు హద్దులు నిర్ణయించు తీరు చూచినచో ఈ సంగతి యొక్క గౌరవము తెలియును. అమెరికాలో బహ్మన్ ఎమామీ బృందము 1991లో ప్రకటించిన పట్టికలు దేశదేశముల వైద్యులకు చాలకాలము కరదీపికలైనవి. ఏ అవయవమునకు ఎంత మోతాదు తగిలినచో ఐదేండ్లలో నూటికి ఐదుగురు తీవ్రముగా దెబ్బతిందురో అవి చెప్పును. 2010లో అనేకులు కూడి ఆ అంకెలను సవరించిరి. ఆ ఐదుగురెవరో ముందుగా తెలియదు గనుక, వారిని మనస్సునందుంచుకొని నూరుగురికిని హద్దు గీయుదురు. తట్టుకొనగల మనిషికి చాలినంత ఈయలేకపోవచ్చును. తట్టుకొనలేని మనిషికి ఆ హద్దులోపలి మోతాదే అపకారము కావచ్చును. ఈ ఐదుగురిని వేరు చేసి చూపగల పరీక్ష యొకటి దొరికినచో అది ఇరుపక్షములకును మేలు.

ఒంటికి ఒంటికి భేదమున్నదని రూఢిగా చూపినవారిలో స్వీడను దేశపు ఇంగెలా టూరెసన్ ఒకరు. రొమ్ము క్యాన్సరునకు ఒకే మోతాదు పొందిన స్త్రీల చర్మముపై సన్నని ఎఱ్ఱనరములు పొడచూపు తీరును ఏండ్ల తరబడి లెక్కించి, ఆ తేడాలలో అధికభాగము రోగి శరీరస్వభావము నుండియే పుట్టుచున్నదని ఆమె 1990 ప్రాంతమున వెల్లడించినది. అంతకు ముందే, 1960లలో, అటాక్సియా టెలాంజియెక్టేసియా అను అరుదైన వంశపారంపర్య వ్యాధి గల పిల్లలకు మామూలు మోతాదున రేడియేషను ఇచ్చినప్పుడు భయంకరమైన అపాయము కలిగినట్లు వైద్యులు వ్రాసియుండిరి. ఆ వ్యాధికి మూలమైన ఏటీఎం జన్యువును 1995లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు యోసెఫ్ షిలో బృందము పట్టుకొన్నది, డి.ఎన్.ఏ. తెగినదను వార్తను కణమంతటికి చాటు జన్యువు అదియే. తల్లి నుండి ఒకటియు తండ్రి నుండి ఒకటియు, రెండు ప్రతులును చెడినప్పుడే ఈ వ్యాధి కలుగును గనుక, మేనరికములు విస్తారముగా గల మన నాట దీనిని అన్యదేశపు వింతగా భావింపరాదు. ఇట్టి వ్యాధి ఉన్నదని అనుమానము కలిగినచోట జన్యుపరీక్ష విషయమున వైద్యులకు భేదాభిప్రాయము లేదు. టీపీ53 అను జన్యువు పుట్టుకతోనే చెడియున్న కుటుంబములలో కిరణములవలననే క్రొత్త క్యాన్సరు పుట్టునను భయముచే వీలైనంతవరకు రేడియేషను మానుదురు. అక్కడను వాదము లేదు.

వాదమంతయు తక్కిన మనుషుల గురించి. మన జన్యుసంపుటిలో దాదాపు 300 కోట్ల అక్షరములు కలవు. ఇరువురు మనుషులకు ఇంచుమించు వెయ్యింటికి ఒక అక్షరము చొప్పున భేదముండును. ఆ భేదములలో ఏవి కిరణములకు లొంగు ఒంటిని సూచించునో కనుగొనవలెనని చిన్న చిన్న పరిశోధనలు వందలుగా సాగినవి. ఇది కీలకమని ఒకరు, అది కీలకమని ఒకరు ప్రకటించిరి. 2012లో ఇంగ్లండున కేంబ్రిడ్జి వైద్యులు ముందుగా నడుము కట్టి, 1613 మంది రోగులలో అట్టి 92 అక్షరభేదములను ఒక్కటొక్కటిగా పరీక్షించి చూడగా, ఒక్కటియు నిలువలేదు. ఈ ఫలితము వైద్యలోకమున కలిగించిన నిరాశ సామాన్యమైనది కాదు. జన్యుపరీక్ష మాట ఎత్తినప్పుడు అనుభవజ్ఞుడైన క్యాన్సరు వైద్యుని ముఖమున కనబడు ఆ సందేహచ్ఛాయ అకారణమైనదని ఎవరును అనరాదు. అతడు ఒకమారు ఆశపడి భంగపడినవాడు.

అయినను పని ఆగలేదు. 2009లో నెలకొన్న అంతర్జాతీయ రేడియోజీనోమిక్స్ సంఘము, చిన్న పరిశోధనలవలన ప్రయోజనము లేదని గ్రహించి, దేశదేశముల రోగుల వివరములను కలిపి చూచుట ఆరంభించినది. 2016లో 5456 మంది వివరములు కలిపి చూడగా, ఏటీఎం జన్యువులోని ఒక సామాన్యమైన అక్షరభేదమునకును దుష్ఫలములకును సంబంధమున్నట్లు తేలినది. సంబంధము నిజమే కాని స్వల్పము. రిక్వైట్ అను పరిశోధన ఐరోపా, అమెరికాలలోని ఆసుపత్రులలో 4400 మందికి పైగా రొమ్ము, ప్రోస్టేటు, ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులను చేర్చుకొని, వారి దుష్ఫలములను ఒకే కొలబద్దతో సంవత్సరముల పర్యంతము వ్రాసియుంచినది. ప్రోస్టేటు చికిత్స విషయమున బుగ్గ లోపలి నుండి నమూనా తీసి చేయు పరీక్ష యొకటి అమెరికాలో అమ్మకమునకును వచ్చినది. ఇట్లు ద్వారము కొంచెము తెఱచుకొన్నది. కాని లోపలికి అడుగుపెట్టుటకు వైద్యులు ఇంకను వెనుకాడుచున్నారు.

వారి వెనుకంజకు మూలకారణము ఖర్చు కాదు, అలసత్వము అంతకంటె కాదు. క్యాన్సరు వైద్యునకు మోతాదు తగ్గించుటయనగా రోగము తిరుగబెట్టుటకు దారి యిచ్చుటయే. ఈ మనిషికి దుష్ఫలము కలుగు అవకాశము పదింట మూడు పాళ్ళని ఒక కాగితము చెప్పినదనుకొందము. ఆ కాగితమును చేతబట్టుకొని వైద్యుడేమి చేయవలెను? మోతాదు తగ్గించి, రెండేండ్లకు గడ్డ మరల మొలచినచో, ఆ మూడు పాళ్ళ లెక్క ఆ కుటుంబమునకు ఏమి సమాధానము చెప్పును? తగ్గింపక యథావిధిగా ఇచ్చినచో, ముందే తెలిసియు ఇచ్చితివేల యను ప్రశ్న. ఏమి చేయవలెనో చెప్పని జోస్యము, చేతులు కట్టివేసి కన్నులు మాత్రము తెఱచునట్టిది. అదియుగాక, భయమను వస్తువును రోగి నెత్తిన ఎక్కించుట తేలిక, దింపుట కష్టము; నీ జన్యువునకు కరెంటు పడదని విన్న మనిషి, ఇంటికి పోయి చికిత్సయే మానివేసి, నాటుమందుల వెంట తిరిగినచో పరీక్షవలన ప్రాణమే పోవును. జన్యువుల మాట ఒక్క మనిషితో ఆగదు కూడ. అక్కచెల్లెండ్ర సంబంధముల వరకు ప్రాకును. ఈ సంశయములన్నియు ధర్మమైనవని నేను నమ్ముచున్నాను.

ఐతే, వంశమునుబట్టి ఒంటి తత్త్వమును విచారించుట మన వైద్యులకు క్రొత్త విద్య యేమియు కాదు. శస్త్రచికిత్సకు ముందు మత్తు ఇచ్చునప్పుడు కండరములు సడలుటకై సక్సామెథోనియం అను మందును వాడుదురు. సామాన్యముగా దాని ప్రభావము కొద్ది నిమిషములలో తీరిపోవును. ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడులలోని వైశ్యకుటుంబములలో కొందరికి ఆ మందును విరిచివేయు ఎంజైము పుట్టుకతోనే లోపించియుండుటచే, వారికి గంటల తరబడి కండరములు కదలవు, ఊపిరిని యంత్రముతో ఆడింపవలసివచ్చును. మన తార్నాక వద్దనున్న సీసీఎంబీ అను జీవశాస్త్ర పరిశోధనాలయపు శాస్త్రజ్ఞుడు తంగరాజ్, హార్వర్డు శాస్త్రజ్ఞుడు డేవిడ్ రైక్ మున్నగువారు 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఈ లోపము వైశ్యులయందు ఇతరులకంటె సుమారు నూరు రెట్లు అధికమని పేర్కొనిరి. తరతరములుగా తమలో తామే వియ్యమందుటవలన ఒక పూర్వపురుషుని అక్షరదోషము వేలమందికి పంచుకొనబడుట దీనికి కారణము. ఈ సంగతి తెలిసిన మత్తువైద్యుడు ఒక ప్రశ్న అడిగి, అవసరమైనచో వేఱు మందు ఎంచుకొనును. అతనికి పరీక్షయందు అంత తేలికగా విశ్వాసము కుదురుటకు హేతువు స్పష్టమే: ప్రక్క అలమరలోనే రెండవ మందు సిద్ధముగా నున్నది.

కిరణవైద్యునకు రెండవ అలమర లేదా? కొన్నిచోట్ల లేదు; ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సరునకు రేడియేషనే ప్రాణాధారము, అక్కడ దుష్ఫలమునకు జంకి వెనుదిరుగుటకు వీలులేదు. కాని స్వరపేటికలో తొలిదశలో కనబడిన క్యాన్సరునకు శస్త్రచికిత్స యొక దారి, కిరణములు వేఱొక దారి; ప్రోస్టేటు విషయమున అంతే; రొమ్ము విషయమున, గడ్డ మాత్రము తీసి కిరణములు పెట్టుటయా, రొమ్ము పూర్తిగా తీసివేయుటయా అని తర్కించు సందర్భములు పెక్కు. దారులు చీలు ఆ కూడలివద్ద నమ్మదగిన పరీక్ష యొకటి ఉన్నచో, అది వైద్యుని చేతులు కట్టివేయదు, దారి చూపును. జన్యుపరీక్ష కావలెనా వద్దా యని గుత్తగా అడుగుటకంటె, ఏ రోగికి ఏ కూడలిలో కావలెనని అడుగుట ఉచితము.

నమ్మకము కుదురుటకు కాలము పట్టునన్నది మరియొక మాట. క్యాన్సరు రోగులకు సర్వసాధారణముగా ఇచ్చు ఫ్లోరోయురాసిల్, కేపసిటాబిన్ మందులు కొందరికి ప్రాణాంతకములగుటకు డీపీడీ అను ఎంజైము లోపమే కారణమని 1980లలోనే తెలిసినది. చికిత్సకు ముందు ఆ పరీక్ష చేయుట మంచిదని ఐరోపా ఔషధ సంస్థ సిఫారసు చేసినది 2020లో. నడుమ గడచిన మూడు దశాబ్దములకు పైబడిన కాలములో పోయిన ప్రాణములను తలచుకొన్నప్పుడు, సంపూర్ణమైన ఋజువు వచ్చువరకు వేచియుందమను మాటలోని వివేకముతోపాటు దాని వెలయు మనకు తెలియవచ్చును.

కరెంటు దుష్ఫలములను గురించి ఇంతవరకు చెప్పిన అంకెలలో ఒక్కటియు మన పంజగుట్టలో పుట్టినది కాదు. ఆ రోగులలో అత్యధికులు ఐరోపా సంతతివారు. మన నోటి క్యాన్సరు గుట్కాతో, ఖైనీతో, చుట్టతో మాడిన నోట పుట్టునది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములలో నిప్పుకొన లోపలికి పెట్టి అడ్డపొగ త్రాగు స్త్రీల అంగుట క్యాన్సరు వేఱు దేశపు పట్టికలలో కానరాదు. అట్టి నోటికి కిరణములు తాకినప్పుడు ఎవరికి పూయునో, ఎవరికి పూయదో, కేంబ్రిడ్జిలో కూర్చున్నవారు చెప్పజాలరు. కర్ణాటకలోని మణిపాలులో రొమ్ము, తల, మెడ క్యాన్సరు రోగులపై ఈ దిశగా చిరకాలముగా పరిశోధనలు జరుగుచున్నవి. మనకును సాధనములు లేకపోలేదు. నిమ్స్‌లో ఒకే ప్రాంగణమున రేడియేషను విభాగమును కలదు, సీడీఎఫ్‌డీ అను డి.ఎన్.ఏ. పరిశోధన సంస్థ సహకారముతో ఏర్పడిన జన్యువైద్య విభాగమును కలదు. అమీరుపేట అంచున, బేగంపేటలో, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జన్యుశాస్త్ర సంస్థ, జన్యువ్యాధుల ఆసుపత్రి కలవు. నిమ్స్‌కు తొలి రూపమిచ్చిన కాకర్ల సుబ్బారావుగారు ఎన్.టి. రామారావుగారి పిలుపుపై అమెరికా నుండి మరలి వచ్చిన రేడియాలజిస్టు. కిరణములతో బ్రదుకు గడపిన వైద్యుడు ఆద్యుడైన చోట ఈ ప్రశ్న అనాథ కారాదు.

లోటు యంత్రములలో లేదు. లోటంతయు కాగితములో ఉన్నది. జన్యువు తానుగా ఏమియు చెప్పదు. ఈ అక్షరము గల మనిషికి ఏమైనదో ఎవరైనను వ్రాసియున్నప్పుడే అది మాటలాడును. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన పిదప, క్యాన్సరు చికిత్సకై నగరమునకు రాలేని బీదలకు ఆ దారి తెఱచుకొన్నది. ఇది గొప్ప మేలు. కాని ఆదిలాబాదు నుండియు, మహబూబునగరు నుండియు వచ్చిన మనిషి ముప్పదియైదవ చికిత్సాదినమున ఇంటికి పోవును. ఒకరికి దవడ ఎముక చివుకుట, వేఱొకరికి రక్తము పడుట, అది యంతయు రెండేండ్ల తరువాత, ఏ మండల కేంద్రములోనో, వేఱొక వైద్యుని ఎదుట జరుగును. చికిత్స చేసిన వైద్యుడు దానిని చూడడు. చూడని దుష్ఫలము అతని లెక్కలో అరుదైన దుష్ఫలమగును. అరుదైనదానికి పరీక్ష ఎందులకని అతనికి తోచును. జన్యుపరీక్షపై వైద్యుల ఉదాసీనతకు ఈ కంటికి కానరాని దూరము కూడ ఒక కారణమని నా అభిప్రాయము. మీది మేనరికమా, మీ ఇంట మఱి యెవరికైనను కరెంటు పెట్టించినప్పుడు ఇట్లే అయినదా అను రెండు ప్రశ్నలకును, ఏడాదికొక టెలిఫోను పిలుపునకును, ప్రయోగశాలతో పనిలేదు.

చివరిదినమున రోగిని బల్లపై పరుండబెట్టి, ముఖమునకు తెల్లని ప్లాస్టిక్ వలముసుగు బిగింతురు. వేడినీటిలో మెత్తబరచి, మొదటి దినముననే అతని ముఖముపై అచ్చుపోసిన ముసుగు అది. ముక్కు, చుబుకము, కనుబొమల గట్లు అన్నియు అందు అట్లే నిలిచియుండును. ఏడు వారములలో మనిషి చిక్కిపోయి, మొదట బిగుతుగా పట్టిన ముసుగు ఇప్పుడు బుగ్గలవద్ద వదులైనది. ఆ వదులు ఎవరికి ఎంత యైనదో, నోరు ఏ వారమున పూసినదో, గొట్టము ఎన్ని దినములు ఉన్నదో, భార్యకు తారీఖులతో సహా జ్ఞాపకము. వెలుపల బల్లమీద వైద్యుడు ఫైలు మూయబోవుచు, చికిత్సను బాగుగా సహించెనని అలవాటుగా ఒక పంక్తి వ్రాయును. ఆమె ఇంకను పోక, "సార్, నోట్లో తడి ఎప్పుడొస్తది?" అని అడుగుచు నిలుచుండును. వైద్యుడు మూసిన ఫైలు మరల తెఱచి, ఆమెను కూర్చుండుమని, మూడవ వారము నుండి ఏమేమి జరిగినదో మొదటి నుండి చెప్పుమని అడిగి, వ్రాయుటకు కలము తీయవలెను.